బండి చక్రం, చీర చెంగు

మోటారు సైకిలు మగవాళ్ల వస్తువని మనం ఎప్పుడో ఒప్పేసుకున్నాం. దాన్ని తుడిచేది వాళ్లు, తన్ని లేపేది వాళ్లు, ఆదివారం పొద్దున్నే వరండాలో విప్పి పారేసి, నట్లూ బోల్టులూ మన వంటింటి పళ్లెంలో పోసుకుని కూర్చునేదీ వాళ్లే. మనకు మిగిలింది వెనక సీటు. దాని పుట్టుపూర్వోత్తరాలు మనకెందుకులే అనుకుంటాం. అయితే మా ఇంట్లో ఒక పాత బుల్లెట్టును బాగుచేయించే పని పడి, దాని చక్రాలు మార్చాలా వద్దా అన్న విషయం మీద నాలుగు నెలలు చర్చ నడిచింది. చర్చలో నోరు విప్పాలంటే కాస్త విషయం తెలిసి ఉండాలి కదా! నేనూ నాలుగు పుస్తకాలు తిరగేశాను. తిరగేస్తే తేలిందేమిటంటే, ఈ బుల్లెట్టు పుట్టిల్లు మన కుట్టుపని పెట్టెలోనే ఉందిట.

నవ్వకండి. ఇంగ్లండులో బర్మింగ్‌హామ్‌కు దక్షిణాన రెడిచ్ అనే ఊరుంది. పంతొమ్మిదో శతాబ్దంలో ప్రపంచం మొత్తం వాడే సూదుల్లో చాలా భాగం ఆ ఒక్క ఊళ్లోనే తయారయ్యేవి. ఆ ఊరి సూదుల తయారీదారుల్లో జార్జి టౌన్‌సెండ్ కుటుంబం ఒకటి. సన్నటి ఉక్కు తీగను సాగదీసి, కోసి, మొన తేల్చి, నునుపు చెయ్యడం వాళ్ల విద్య. సైకిళ్ల వేలంవెర్రి వచ్చినప్పుడు ఆ విద్యతోనే వాళ్లు సైకిలు భాగాల్లోకి దిగారు. ఆ సంస్థే చేతులు మారి, ఎన్‌ఫీల్డ్ ప్రభుత్వ తుపాకుల ఫ్యాక్టరీకి భాగాలు చేసిపెట్టే కాంట్రాక్టు సంపాదించి, ఆ గొప్ప కొద్దీ రాయల్ ఎన్‌ఫీల్డ్ అని పేరు పెట్టుకుంది. 1901లో మొదటి మోటారు సైకిలు చేసింది.

కావెంట్రీ అనే ఊరిది ఇంకో కథ. అక్కడ కుట్టు మిషన్లు చేసే కంపెనీ ఒకటి ఉండేది. అందులో జేమ్స్ స్టార్లీ అనే రైతు కొడుకు పనిచేసేవాడు. కుట్టు మిషన్లకు కొత్త కొత్త సదుపాయాలు కనిపెట్టడంలో దిట్ట. 1860ల చివర్లో ఫ్రాన్సు నుంచి సైకిళ్లు రావడం చూసి కంపెనీ వాళ్లు కుట్టు మిషన్లతో పాటు అవీ మొదలుపెట్టారు. అప్పుడు స్టార్లీ దృష్టి చక్రం మీద పడింది.

మన ఎద్దుబండి చక్రం చూశారు కదా? ఇరుసు మీద పడ్డ బరువును కింద ఉన్న ఆకు మోస్తుంది. ఇంటికి స్తంభం లాగా అన్నమాట. అందుకే ఆకులు అంత లావు. స్టార్లీ కాలానికి సైకిలు చక్రానికి అవే కర్ర ఆకులు పోయి సన్నటి ఇనప చువ్వలు వస్తున్నాయి. సన్న చువ్వ మీద బరువు పెడితే వంగిపోతుంది. అదే చువ్వను రెండు వైపులా పట్టి లాగితే తెగదు. కాబట్టి చక్రంలో ప్రతి చువ్వనూ ముందే బిగలాగి కట్టేస్తారు. నవారు మంచం లాంటిదే! వదులు నవారు మీద పడుకుంటే నడుం నేలకు తగులుతుంది, బిగించిన నవారు నలుగురిని మోస్తుంది. 1874లో స్టార్లీ ఇంకో మెరుగు చేశాడు. చువ్వల్ని నడిమి నుంచి అంచుకు సూటిగా వెయ్యకుండా, ఒకదాని మీద ఒకటి దాటేలా ఏటవాలుగా వేశాడు. బుట్ట అల్లినట్టు. నడిమి భాగం తిరిగినప్పుడు ఆ మెలిక బలం అంచుదాకా పోవాలంటే అలా వెయ్యాలి. ఇవాళ్టికీ చువ్వల చక్రాలన్నీ దాదాపు ఆ అల్లికే. మా బుల్లెట్టు చక్రానికి నలభై చువ్వలు. కూర్చుని లెక్కపెట్టాను.

ఇక టైరు. ఈ ఇంగ్లీషు మాట "అటైర్" అనే మాటకు కుదింపుట, అంటే వేషం, కట్టు, బట్ట. రబ్బరు రాకముందు నుంచే ఉంది. కర్ర చక్రం చుట్టూ ఎర్రగా కాల్చిన ఇనప పట్టా తొడిగి నీళ్లు పోస్తే అది బిగుసుకుంటుంది. ఆ పట్టాను చక్రం కట్టుకున్న బట్ట అన్నారు. ఎంత ముచ్చటైన మాటో చూడండి.

గాలి నింపిన టైరు మొదట ఆలోచించింది రాబర్ట్ విలియం థాంసన్ అనే స్కాట్లండు వాడు. 1845లోనే పేటెంటు తీసుకున్నాడు. రబ్బరు పూసిన గుడ్డ గొట్టానికి పైన తోలు కుట్టి, లండన్ రీజెంట్స్ పార్కులో గుర్రపు బండికి తొడిగి చూపించాడు కూడా. కానీ అప్పటికి సైకిళ్లు లేవు, మోటార్లు లేవు. అంత ఖర్చు పెట్టి గుర్రపు బండికి మెత్తదనం ఎవరిక్కావాలి? ఆ సంగతి అందరూ మరిచిపోయారు.

నలభై ఏళ్ల తర్వాత, 1887లో, బెల్‌ఫాస్ట్‌లో ఒక పశువుల డాక్టరు కొడుకు మూడు చక్రాల సైకిలు తొక్కుతూ రాళ్ల వీధుల్లో ఒళ్లు హూనం చేసుకుంటున్నాడు. తండ్రి జాన్ బాయ్డ్ డన్‌లప్ ఒక గుండ్రటి చెక్క తీసుకుని, దాని అంచున రబ్బరు గొట్టం చుట్టి, నారబట్టతో కప్పి మేకులు కొట్టి, గాలి కొట్టాడు. పిల్లవాడి సైకిలు చక్రాన్నీ దీన్నీ పెరట్లో దొర్లించి చూశాడు. గట్టి రబ్బరు చక్రం మధ్యలోనే పడిపోయింది. గాలిది పెరడు దాటి గోడకు తగిలింది. 1888లో పేటెంటు పుచ్చుకున్నాడు. మరుసటేడు విల్లీ హ్యూమ్ అనే పందెగాడు ఆ టైర్లతో వస్తే, ఆ లావు చక్రాలు చూసి జనం నవ్వారుట. పందేలు అతనే గెలిచాడు. తీరా వ్యాపారం పుంజుకునే వేళకు పాత థాంసన్ పేటెంటు బయటపడి డన్‌లప్ హక్కు కొట్టేశారు. కంపెనీ మాత్రం నిలిచింది. 1936లో బెంగాల్లోని సాహాగంజ్‌లో మన దేశపు మొదటి టైర్ల ఫ్యాక్టరీ పెట్టింది ఆ పేరుతోనే.

పశువుల డాక్టరు అనగానే నేను పుస్తకం మూసి మా అత్తయ్యగారికి చెప్పాను. మా మావగారూ పశువుల డాక్టరే. "వీళ్లకు బండి పిచ్చి వృత్తిలోనే ఉంది కాబోలు" అన్నారావిడ.

ఇంకో సంగతి. టైరంటే వట్టి రబ్బరు కాదు. వట్టి రబ్బరుకు గాలి కొడితే బుడగలాగా ఉబ్బి పగులుతుంది. దాని పొట్టలో నూలు పొరలుంటాయి. మొదట నార, నూలు. తర్వాత రేయాన్, నైలాన్. అంటే చక్రం నిజంగానే బట్ట కట్టుకుని తిరుగుతోందన్నమాట.

ఈ వైభవానికి వెనక ఒక పాడు చరిత్ర ఉంది, దాన్ని దాటెయ్యడం నాకిష్టం లేదు. టైర్ల గిరాకీతో రబ్బరు ధర పెరిగేసరికి, ఆఫ్రికాలో కాంగో దేశాన్ని సొంత ఆస్తిగా పెట్టుకున్న బెల్జియం రాజు లియోపోల్డ్ మనుషులు, అడవి రబ్బరు తెచ్చిపెట్టమని పల్లెలమీద పడ్డారు. లెక్క తగ్గితే కొట్టడం, కాల్చడం, చేతులు నరకడం. 1904లో ఒక తండ్రి, చంపేసిన తన కూతురి చెయ్యీ పాదమూ ముందు పెట్టుకుని కూర్చుని ఉండగా తీసిన ఫోటో ఒకటి ప్రపంచమంతా చూసింది. తీసింది ఆలిస్ సీలీ హారిస్ అనే ఆవిడ, మతప్రచారకుడి భార్య. ఊరూరా ఆ ఫోటోలు చూపించి వాళ్లు చేసిన ఉద్యమం కూడా కలిసి 1908లో రాజు చేతిలోంచి కాంగో పోయింది. ఈలోగా 1876లో హెన్రీ విక్‌హామ్ బ్రెజిల్ నుంచి లండన్ చేర్చిన విత్తనాల సంతతి సింహళంలోనూ, మలయాలోనూ, మన కేరళలోనూ తోటలై ఎదిగింది.

ఇంగ్లండు నుంచి బుల్లెట్టు మన దేశానికి ఎలా వచ్చిందో చాలామందికి తెలుసు. స్వాతంత్ర్యం వచ్చాక సరిహద్దుల్లో గస్తీకి సైన్యం వాటిని తెప్పించుకుంది. 1955లో మద్రాస్ మోటార్స్ వాళ్లు రెడిచ్ కంపెనీతో కలిసి ఇక్కడే బిగించడం మొదలుపెట్టారు. ఫ్యాక్టరీ తిరువొత్తియూరులో వెలిసింది. త్యాగయ్యగారు త్రిపురసుందరీ అమ్మవారి మీద ఐదు కీర్తనలు చెప్పిన ఊరే, సందేహం లేదు! అదే ఊళ్లో 1946లో మామ్మెన్ మాప్పిళ్లై అనే ఆయన ఒక షెడ్డులో పిల్లలు ఆడుకునే రబ్బరు బుడగలు చెయ్యడం ప్రారంభించాడు. ఆ బుడగల షెడ్డే ఎమ్మారెఫ్ టైర్ల కంపెనీ అయింది. తెలంగాణలో సదాశివపేట దగ్గరున్న టైర్ల ఫ్యాక్టరీ దానిదే. 1970 వచ్చేసరికి ఇంగ్లండులో అసలు కంపెనీ మూతపడింది. మద్రాసులో మాత్రం బండి ఆగలేదు. 1977లో ఇక్కణ్ణించి ఇంగ్లండుకే ఎగుమతి చేశారు. పుట్టింటివాళ్లు మరిచిపోయిన వంట అత్తింటి నుంచి డబ్బాలో పెట్టి పంపినట్టు.

మా మావగారు 1969లో కొన్న బండి ఆ తిరువొత్తియూరుదే. ప్రకాశం జిల్లా పల్లెల్లో ఒంగోలు ఎద్దుల వైద్యానికి ఇరవై ఏళ్ల పైన తిరిగింది. ఆయన పోయాక పెరటి షెడ్డులో ఉండిపోయింది. మావారికి స్కూటరే ఎక్కువ. ఇప్పుడు మా అబ్బాయి, హైదరాబాదులో ఉద్యోగం, దాన్ని బాగుచేస్తానని పూనుకున్నాడు. మేమంతా సంతోషించాం. తీరా వాడు ఫోనులో చూపించిన బొమ్మలో ఉన్నది మా బండి కాదు. పాత చక్రాలు పోయి అల్లాయ్ చక్రాలు, బానల్లాంటి లావు టైర్లు, వెనక మడ్‌గార్డు సగానికి కోత!

నేను వాడి మీద విరుచుకుపడలేదు. ఎందుకంటే చక్రం మార్చడమనేది మోటారు సైకిలంత పాతది. రెండో యుద్ధం తర్వాత అమెరికా కుర్రాళ్లు బరువు తగ్గాలని మడ్‌గార్డులు కోసేశారు. లండన్ ఏస్ కేఫ్ దగ్గర చేరే కుర్రాళ్లు ఒక కంపెనీ ఇంజినుని ఇంకో కంపెనీ చట్రంలో దించారు. 1969లో వచ్చిన ఈజీ రైడర్ సినిమాలో ముందు చక్రం సన్నగా బారెడు దూరాన, వెనకది పొట్టిగా లావుగా ఉన్న బళ్లు చూసి ప్రపంచమే వెర్రెక్కింది. అవి షోకులు. అవసరానికి మార్చినవాళ్లు మనవాళ్లు. ఢిల్లీలో యుద్ధం మిగిల్చిన హార్లీ బళ్లకు వెనక చక్రం తీసి రెండు చక్రాల డబ్బా తగిలించి జనాన్ని ఎక్కించుకు తిరిగిన ఫట్‌ఫటీలు 1990ల చివరిదాకా ఉండేవి. సౌరాష్ట్రలో బుల్లెట్టు ముందు సగాన్ని బండికి కట్టేసి ఛకడా అన్నారు. పత్తి మూటలూ, పెళ్లివారూ అందులోనే. బుల్లెట్టు పరువు పోయిందని అక్కడెవరూ ఏడవలేదు.

ఆడవాళ్లు ఎప్పుడూ వెనక సీటుకే పరిమితం కాలేదండోయ్. 1934 డిసెంబరులో థెరిసా వాలక్, ఫ్లోరెన్స్ బ్లెంకిరన్ అనే ఇద్దరమ్మాయిలు లండన్లో పాంథర్ మోటారు సైకిలు ఎక్కి, పక్కన సైడుకారు, వెనక ట్రైలరు తగిలించుకుని, సహారా ఎడారి దాటి 1935 జులైలో కేప్‌టౌన్‌లో దిగారు. ఇసకలో కూరుకుపోయిన ఆ చక్రాలను ఎన్నిసార్లు తవ్వి తీశారో!

సరే, మావాడి వాదనలోనూ బలముంది. అల్లాయ్ చక్రం ఒకే పోతగా పోస్తారు. చువ్వలు వదులయ్యేది లేదు, వంకర తీయించే పని లేదు. చువ్వల చక్రానికి ప్రతి చువ్వకూ ఒక బెజ్జం ఉంటుంది గనక గాలి నిలవదు, లోపల ట్యూబు వెయ్యాల్సిందే. మేకు దిగితే ట్యూబు గాలి ఠప్పున పోతుంది. ట్యూబు లేని టైరులో గాలి నెమ్మదిగా దిగుతుంది. తమాయించుకుని పక్కకు ఆపుకోవచ్చు. ఇది కొట్టిపారేసే మాట కాదు.

కానీ కొలతలు చూడాలి కదా. జాకెట్టు గుడ్డ చింపేముందు మనం చూసుకోమూ? మా బండి టైరు మీద మూడుంపావు, పంతొమ్మిది అని ఉంటుంది. మూడుంపావు అంగుళాల వెడల్పు, పంతొమ్మిది అంగుళాల చక్రం. మావాడు ముందుకు కోరిన టైరు మీద 110/70-17. మొదటి అంకె మిల్లీమీటర్లలో వెడల్పు. రెండోది ఆ వెడల్పులో నూటికి డెబ్బై వంతు ఎత్తు అని. మూడోది మళ్లీ అంగుళాల్లో చక్రం. ఒకే పేరులో రెండు దేశాల కొలతలు! లెక్క కడితే పాత చక్రం టైరుతో సహా నిలువున ఇరవై అయిదున్నర అంగుళాలు, కొత్తది ఇరవై మూడు. చుట్టుకొలత ఎనభై నుంచి డెబ్బై రెండుకు పడిపోతుంది. స్పీడు చూపే ముల్లును తిప్పేది ముందు చక్రమే కాబట్టి, బండి యాభై నాలుగులో పోతుంటే ముల్లు అరవై అంటుంది. బండి నేలకు అంగుళం పైన దిగుతుంది. వెనక టైరు 130. పాతదానికన్నా దాదాపు రెండంగుళాలు వెడల్పు. గొలుసుకు రాసుకోకుండా ఉండాలంటే గొలుసు దారి మార్చాలి.

చట్టం సంగతి మావారు తీశారు. తయారీదారు లెక్కలో ఉన్న వివరాలకు విరుద్ధంగా బండిని మార్చకూడదని 2019లో సుప్రీంకోర్టు చెప్పింది. యాభై ఏళ్లు దాటి అసలు రూపంలో ఉన్న బళ్లకు "వింటేజి" రిజిస్ట్రేషను 2021లో వచ్చింది. అది పుచ్చుకుంటే రోజూ వాడుకోవడానికి లేదు. "అద్దాల పెట్టెలో పెట్టి చూసుకోడానికా?" అని మావాడు. అదీ నిజమే.

ఇదంతా వింటూ కూర్చున్న అత్తయ్యగారు ఫోనులో బొమ్మ మళ్లీ చూపించమన్నారు. ఎనభై రెండేళ్ల మనిషి. కళ్లజోడు సవరించుకుని చాలాసేపు చూశారు.

"ఇందులో నా కాలు ఎక్కడ పెట్టుకోనురా?"

మావాడు నీళ్లు నమిలాడు. ఆ బొమ్మలో వెనక ఎడమ పక్కన ఉండాల్సిన పాదాల పలక లేదు. దాని పైన చక్రాన్ని కప్పే జల్లెడ, మనమంతా శారీగార్డు అంటామే, అదీ లేదు. లావు టైరుకు అడ్డమని తీసేశారు.

ఆ జల్లెడ కథ నేను అప్పుడే విన్నాను. 1974లో చీరాల రోడ్డు మీద, మందుల పెట్టె ఒళ్లో పెట్టుకుని ఆవిడ వెనక కూర్చుని ఉండగా చెంగు జారి చువ్వల్లో పడింది. రైల్వే గేటు వస్తోందని మావగారు అప్పటికే వేగం తగ్గించారు కాబట్టి సరిపోయింది. వెంకటగిరి చీర, సగానికి చిరిగి చక్రానికి చుట్టుకుంది. "నేను రోడ్డు మీద కూర్చుని ఉన్నాను, ఆయన ముఖం సున్నం కొట్టినట్టయింది" అన్నారు. మర్నాడే మావగారు కమ్మరి దగ్గరికి వెళ్లి కడ్డీలతో జల్లెడ అల్లించి బిగించారు. మా బండి మీద ఉన్నది ఇప్పటికీ అదే. ఇరవై ఏళ్లు చూసిన వస్తువు, కంపెనీదే అనుకున్నాం అందరం.

1927 సెప్టెంబరులో ఫ్రాన్సులోని నీస్ నగరంలో జగత్ప్రసిద్ధ నర్తకి ఇసడోరా డంకన్ పైకప్పు లేని కారెక్కింది. మెడలో పొడవాటి పట్టు శాలువా. కారు కదిలింది, శాలువా అంచు వెనక చక్రంలో చిక్కుకుంది. అంతే. మన ఊళ్లలో ఓణీలకూ, చెంగులకూ జరిగినవి ఏ చరిత్రలోనూ ఎక్కలేదు. 1989 కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో మాత్రం 123వ నంబరుది ఒకటుంది. మోటారు సైకిలు చేసేవాడు వెనక కూర్చునేవాళ్లకు పట్టుకోడానికి పిడి, కాళ్లు పెట్టుకోడానికి ఆధారం, బట్టలు చిక్కుకోకుండా వెనక చక్రాన్ని సగానికి తగ్గకుండా కప్పే రక్షణా ఇవ్వాలి. చక్రాల షోకు గురించి ఇన్ని పుస్తకాలు తిరగేస్తే, వెనక సీటు మనిషిని తలుచుకున్నది నాకు ఆ ఒక్క నిబంధనలోనే కనిపించింది. అల్లాయ్ చక్రానికి చువ్వలు లేవు కదా అంటారేమో. ఉన్న నాలుగైదు రెక్కల మధ్య సందులు ఇంకా పెద్దవి.

మావాడు రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు నా కుట్టుపని పెట్టెలోంచి టేపు తీసుకెళ్లి జల్లెడకూ టైరుకూ మధ్య ఖాళీ కొలిచాడు. వెనక పంతొమ్మిదంగుళాల చక్రానికే మూడున్నర అంగుళాల టైరు వెయ్యొచ్చని తేల్చాడు. పావు అంగుళం ఎక్కువ. పెద్ద బుల్లెట్టుకు వేసేదేట. దానికి జల్లెడ అడ్డం రాదు, గొలుసు కదపక్కర్లేదు. నానమ్మ ఏమంటుందో అని నా వంక చూశాడు. ఆవిడకు పావు అంగుళంతో పేచీ ఏముంది?

రిమ్ములు కొత్తవి వచ్చాయి, స్టెయిన్‌లెస్ చువ్వలు వచ్చాయి. గుంటూరులో ముసలి మేస్త్రి ఒకాయన రెండు రోజులు కూర్చుని ఎనభై చువ్వలూ అల్లాడు. ఫోర్కుకు పెన్సిలు కట్టి చక్రాన్ని తిప్పుతూ, మొన తగిలిన చోట ఎదుటి పక్క చువ్వ పావు తిప్పు బిగిస్తూ, చెవి దగ్గర పెట్టుకుని ఒక్కో చువ్వనూ వేలితో మీటాడు. వీణ సవరించినట్టు ఉంది. జల్లెడను క్రోముకు ఇద్దామంటే అత్తయ్యగారు ఒప్పుకోలేదు, నల్ల రంగు చాలన్నారు. ఇక సీటుకు రెక్సిన్ వేయించాలి. ముదురాకుపచ్చని మావాడు, నలుపని మావారు. ఇంకా తేలలేదు.